పోగులో స్టేక్ ఉండదు

(విద్యార్థుల స్టడీ సర్కిల్‌లో చేసిన ప్రసంగ పాఠం)



రెండు వారాల కిందట మీ స్టడీ సర్కిల్ నుంచి ఇద్దరు విద్యార్థులు నాకు ఫోన్ చేశారు. "మేడమ్, అంబేడ్కర్ జయంతికి హాస్టల్ దగ్గర భోజనాలు పెడుతున్నాం. ఈసారి పెద్దకూర బిర్యానీ కాకుండా స్టేక్ పెడదామనుకున్నాం. అండర్‌కట్ ధర అడిగితే కళ్ళు తిరిగాయి. చవక మాంసంతో స్టేక్ చేయొచ్చా?" అని అడిగారు. నేను పశువైద్యం చదివి, మాంస శాస్త్రం పాఠాలు చెప్పుకుంటున్న మనిషిని. నన్ను సభలకు పిలిచేవాళ్ళు ఎక్కువగా చట్టం గురించో, దాడుల గురించో మాట్లాడమంటారు. వంట గురించి అడిగింది మీరే. అందుకే సంతోషంగా వచ్చాను.

"ఎందుకు స్టేక్?" అని తిరిగి అడిగాను. అవతల కాసేపు మౌనం. తర్వాత వాళ్ళలో ఒక అమ్మాయి అంది: "ప్రతిసారీ కూరేనా మేడమ్? మనం కూడా దర్జాగా పెట్టాలి కదా."

ఆ మాట అప్పటినుంచి నా వెంటే ఉంది. ఇవాళ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను. చవక మాంసాన్ని నిప్పుల మీద మెత్తగా ఎలా కాల్చాలి అన్నది ఒకటి. దర్జా ఎక్కడుంది అన్నది రెండోది. మొదటిది తేలిక. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాంసం గట్టిగా ఎందుకుంటుంది? ఎక్కువ పని చేసే కండ గట్టిపడుతుంది, అంతే. మెడ, భుజం, కాళ్ళు, రొమ్ము రోజంతా బరువు మోస్తాయి, నడుస్తాయి, లాగుతాయి. ఆ కండల్లో పీచును కట్టి ఉంచే కొలాజెన్ అనే జిగురు పదార్థం ఎక్కువ. పశువు వయసు పెరిగేకొద్దీ ఆ జిగురు మరింత గట్టిగా అల్లుకుపోతుంది. నడుము లోపలి వైపు వెన్నెముకను ఆనుకుని ఒక కండ ఉంటుంది. అది దాదాపు ఏ పనీ చేయదు. అందుకే మెత్తగా ఉంటుంది. మన ఖసాయి దుకాణాల్లో దాన్ని అండర్‌కట్ అంటారు, హోటల్ మెనూలో టెండర్‌లాయిన్ అంటారు. మొత్తం కళేబరం బరువులో అది రెండు మూడు శాతం మించదు. పని చేయని ఆ రెండు శాతానికి అన్నిటికన్నా ఎక్కువ ధర. పని చేసిన మిగతా ఒళ్ళంతా దాని కింద. ఇది వింటుంటే మీకు ఇంకేదైనా గుర్తొస్తే ఆ తప్పు నాది కాదు.

ఒక్క మాట మాత్రం తేల్చి చెప్పాలి. ధరలో తేడా మెత్తదనానిది, బలానిది కాదు. కొవ్వు తీసేసిన పచ్చి మాంసం వంద గ్రాములు తీసుకుంటే అండర్‌కట్‌లోనైనా, తొడలోనైనా, భుజంలోనైనా ప్రోటీన్ ఇంచుమించు ఇరవై గ్రాములే. ఇనుము, బీ12 విటమిన్ కోసమైతే అండర్‌కట్ కన్నా కార్జం ఎంతో మేలు. అంటే పేదవాడి పోగులో పోషణ తక్కువేమీ కాదు. తక్కువైంది మెత్తదనం ఒక్కటే.

ఆ మెత్తదనాన్ని మూడు రకాలుగా సంపాదించవచ్చు. ఒకటి, లేత పశువు. రెండు, చల్లని గదిలో కాలం. కోసిన కొన్ని గంటలకు కండ బిగుసుకుపోతుంది. పెద్ద పశువుల్లో ఆ బిగువు ఒక రోజు దాకా ఉంటుంది. తర్వాత కండలోనే ఉండే ఎంజైములు పీచును మెల్లగా విడగొడతాయి. పెద్ద దేశాల స్టేక్ హౌసుల్లో మాంసాన్ని వారం, రెండు వారాలు, ఇంకా ఎక్కువ కాలం చలిలో ఉంచేది అందుకే. మూడోది మనిషి శ్రమ. దంచడం, పలచగా కోయడం, నానబెట్టడం, గంటలకొద్దీ సన్న సెగ మీద ఉడకబెట్టడం.

మొదటి రెండింటికీ పెట్టుబడి కావాలి. మా ఇంట్లో ఉన్నది మూడోది. మా ఇంట్లో అంటే మా అమ్మ చేతుల్లో. మన వంటల రుచి గురించి గొప్పగా చెప్పుకునేటప్పుడు ఆ రుచి వెనక ఎవరి నడుములు వంగాయో కూడా చెప్పుకోవాలి. పొద్దున్నే పొలం పనికి వెళ్ళి, సాయంత్రం వచ్చి, ముదురు ఎద్దు కూరను రెండు గంటలు పొయ్యి మీద ఉడకబెట్టిన ఆడవాళ్ళను అడగండి, అది సంస్కృతో కష్టమో చెబుతారు. రెండూ అంటారు. మీ పండుగనాడు మాంసం దంచే పని, కోసే పని అమ్మాయిలకు మాత్రమే అప్పగిస్తే నేను రాను. ముందే చెబుతున్నాను.

ఇక పద్ధతి. మన మార్కెట్లో దొరికేది ఎక్కువగా బర్రె, దున్న మాంసం. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి చట్టం ఆవును, దూడలను కోయడాన్ని నిషేధించింది. ఎద్దు, బర్రె, దున్న విషయంలో అవి పనికి, పాడికి, పునరుత్పత్తికి పనికిరావని సర్టిఫికెట్ ఉంటే కోయవచ్చు. ఈ నిబంధన వల్ల జరిగేదేమిటంటే, చట్టప్రకారం మన దుకాణానికి వచ్చే పశువు చాలావరకు ముదురుదే. కాబట్టి విదేశీ వీడియోల్లో చూపించినట్టు ఉప్పు, మిరియాలు చల్లి, అటు రెండు నిమిషాలు ఇటు రెండు నిమిషాలు కాల్చి, లోపల ఎర్రగా వదిలేస్తే మన మాంసం చెప్పు తోలులా సాగుతుంది. పైగా పొద్దున కోసి, చలి గది చూడకుండా దుకాణంలో వేలాడిన మాంసం లోపలిదాకా ఉడకాలి. థర్మామీటర్ ఉంటే మధ్యలో 71 డిగ్రీల సెల్సియస్ రానివ్వండి. ఈ విషయంలో ఫ్యాషన్ వద్దు.

మాంసం ఎంచుకోవడం దుకాణంలోనే మొదలవుతుంది. హైదరాబాద్ ఖసాయిల భాష నేర్చుకోండి. దస్తీ అంటే ముందు కాలు, భుజం. రాన్ అంటే తొడ. సీనా అంటే రొమ్ము. గర్దన్ అంటే మెడ. మచ్లీ అంటే కాలి పిక్క భాగంలో చేపలా ఉండే కండ. నల్లి అంటే మూలుగ ఉన్న ఎముక. "కిలో బోన్‌లెస్ ఇవ్వు" అంటే ఆయన చేతికి వచ్చింది ఇస్తాడు. "దస్తీలో రెక్క ఎముక మీది కండ ఇవ్వు" అంటే మీ ముఖం వైపు ఒకసారి చూసి ఇస్తాడు.

ఆ రెక్క ఎముక మీది కండకు ఒక కథ ఉంది. అమెరికాలో అది ఎన్నో ఏళ్ళు ఖీమా మరలోకి పోయేది. 2000 దశకం తొలి ఏళ్ళలో నెబ్రాస్కా, ఫ్లోరిడా విశ్వవిద్యాలయాల మాంస శాస్త్రవేత్తలు భుజం, తొడ భాగాల్లోని కండలను ఒక్కొక్కటిగా విడదీసి పరీక్షించారు. భుజం రెక్క మీద ఉన్న ఈ కండ టెండర్‌లాయిన్ తర్వాత అంతటి మెత్తనిదని తేలింది. దాని మధ్యలో దళసరిగా ఒక నరం పొర ఉంటుంది. అదే ఇబ్బంది. ఆ పొర వెంట కత్తి పోనిచ్చి, కండను రెండు పలకలుగా విడదీసి, పొరను పారేస్తే చాలు. ఇప్పుడు దాన్ని ఫ్లాట్ ఐరన్ స్టేక్ అని అమ్ముతున్నారు. మీకు పలకలాంటి స్టేక్ ఆకారమే కావాలంటే ఈ కండ తీసుకోండి. ముదురు బర్రెలో అంత మెత్తగా ఉండదు. కానీ పొర తీసి, ఉప్పు పట్టించి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులు ఉంచితే తేడా మీ పళ్ళకే తెలుస్తుంది.

రెండో పద్ధతి తొడ మాంసానికి. రాన్ ముక్కలో పీచు ఎటు పోతోందో చూడండి. చీపురు కట్టను ఊహించుకోండి. పుల్లల పొడవునా కోస్తే మీ నోట్లోకి పొడుగు పుల్లలు వస్తాయి. అడ్డంగా కోస్తే చిన్న చిన్న ముక్కలు వస్తాయి, నమలడానికి ఏమీ మిగలదు. కాబట్టి పీచుకు అడ్డంగా, అర సెంటీమీటరు మందాన కోసి, కత్తి వెనక వైపుతోనో రోకలితోనో కొట్టాలి. కిలో మాంసానికి తొక్కతో నూరిన పచ్చి బొప్పాయి ముద్ద రెండు పెద్ద చెంచాలు, అర కప్పు పెరుగు, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పు, కొంచెం నూనె. రెండు మూడు గంటలు చాలు. బొప్పాయిలో ఉన్న పపైన్ అనే ఎంజైమ్ మాంసపు పీచును కొరికేస్తుంది. ఎక్కువ వేస్తే మెత్తన అనుకుని రాత్రంతా ఉంచారో, పైపొర పిండిలా అయిపోతుంది. ఇందులో కొత్తేమీ లేదు. పాతబస్తీలో సాయంత్రం బొగ్గుల మీద సీకులు కాల్చే వాళ్ళ దగ్గర పది నిమిషాలు నిలబడితే ఈ పాఠం పొగతో సహా దొరుకుతుంది.

మూడోది సీనా, గర్దన్, మచ్లీ. వీటిని నేరుగా నిప్పు మీద పెడితే ఓడిపోతారు. జిగురు పదార్థం కరగాలంటే తడి, వేడి, కాలం మూడూ కావాలి. ముందు పెద్ద ముక్కలుగా ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి వేసి సన్న సెగ మీద రెండు గంటలు ఉడికించండి. కుక్కర్‌లో అయితే నలభై అయిదు నిమిషాలు. పుల్ల గుచ్చితే దిగాలి, ముక్క మాత్రం విడిపోకూడదు. అదే నీళ్ళలో చల్లారనిచ్చి, తీసి, ఆరబెట్టి, కారం, ఉప్పు, నూనె, నిమ్మరసం పూసి నిప్పు మీద ఎనిమిది, పది నిమిషాలు తిప్పుతూ కాల్చండి. పైన కరకర, లోపల మెత్తన. ఉడికించిన నీళ్ళు పారబోయకండి. అది సేరువా. వంద మందికి పెట్టే చోట అన్నంలోకి అదే ఆదుకుంటుంది.

నాలుగోది గుండె, కార్జం. గుండె కూడా కండే. నరాలు, కొవ్వు తీసి పలచగా కోసి, వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో నానబెట్టి సీకుకు గుచ్చితే అండర్‌కట్‌ను మించిన రుచి. కార్జాన్ని మాత్రం ఎక్కువ కాల్చకండి. లోపల పచ్చి పోగానే తీయకపోతే సుద్దముక్క అవుతుంది.

నిప్పు సంగతి. మంట మీద కాల్చొద్దు, నిప్పుల మీద కాల్చండి. తుమ్మ బొగ్గు అంటించి, పైన తెల్లటి బూడిద పట్టేదాకా ఆగండి. నివురుగప్పిన నిప్పు అంటామే, కాల్చడానికి సరిగ్గా అదే కావాలి. బొగ్గులను ఒక పక్కకు కుప్ప చేసి రెండో పక్క ఖాళీగా ఉంచండి. వేడి పక్క రంగు రప్పించి, చల్లటి పక్కకు జరిపి లోపల ఉడకనివ్వండి. ఇటుకల మీద ఇనుప జాలీ పెట్టినా చాలు. కానీ తళతళలాడే జింకు పూత జాలీ వాడకండి, వేడికి ఆ పూత నుంచి వచ్చే పొగ మంచిది కాదు. తీసిన మాంసాన్ని అయిదు నిమిషాలు ఆగి కోయండి. మళ్ళీ చెబుతున్నాను, పీచుకు అడ్డంగా.

మొదటి ప్రశ్నకు ఇదీ జవాబు. స్టార్ హోటల్లో ఒక్క స్టేక్ ప్లేటుకు పెట్టే డబ్బుతో మూడు నాలుగు కిలోల దస్తీ, సీనా వస్తుంది. మీ బడ్జెట్‌కు ఢోకా లేదు.

ఇప్పుడు దర్జా సంగతి.

నేను పశువైద్య కళాశాలలో చదివేటప్పుడు గోడకు ఒక పటం వేలాడేది. పశువు బొమ్మ, దాని మీద గీతలు, ప్రతి భాగానికీ ఒక ఇంగ్లిష్ పేరు. కింద వేరే జాబితా ఉండేది: కార్జం, గుండె, నాలుక, బోటి, తిల్లి, రక్తం, తలకాయ, కాళ్ళు. దాని పేరు తినదగిన ఉప ఉత్పత్తులు. ఆ రోజు నోట్సులో రాసుకుంటూ చేయి ఆగిపోయింది. మా ఇంట్లో మేం తిన్నదాంట్లో ఎక్కువ భాగం ఆ కింది జాబితాలోనే ఉంది. మా ఇంట్లో ప్రధానమైంది శాస్త్రంలో ఉప ఉత్పత్తి అయింది. ఇంగ్లిష్‌లో వాటికి ఆఫల్ అనే మాట కూడా ఉంది. కోసేటప్పుడు బల్ల మీది నుంచి కింద పడేది అని దాని మూలార్థం. నా పక్కన కూర్చున్న అమ్మాయి "ఛీ, ఇవి కూడా తింటారా?" అంది. నేను జవాబు చెప్పలేదు. ఆ మౌనానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

మా ఊళ్ళో మాంసం పంచే తీరు వేరు. నలుగురైదుగురు కలిసి పశువును కొంటారు. కోసిన తర్వాత తాటాకుల మీద పోగులు పెడతారు. ప్రతి పోగులో కొంచెం మెత్తటి కండ, కొంచెం ఎముక, కొంచెం కార్జం, కొంచెం బోటి, కొంచెం కొవ్వు పడాలి. ఒక పోగులో కార్జం తక్కువైతే పెద్దమనిషి గొడవ పడైనా వేయిస్తాడు. పోగులన్నీ సమానంగా వచ్చాక ఒకరు అటు తిరిగి నిలబడతారు. ఇంకొకరు పోగు మీద వేలు పెట్టి "ఇది ఎవరిది?" అంటారు. అటు తిరిగినవాళ్ళు చూడకుండానే ఒక పేరు చెబుతారు. ఎవరికి ఏ పోగు వస్తుందో వాటాలు వేసినవాడికి కూడా తెలియదు. కాబట్టి ఏ పోగునూ తక్కువ చేయలేడు. ఈలోగా పిల్లలం ఒక పక్క నిప్పులు చేసుకుని, పెద్దవాళ్ళు విసిరిన తిల్లి ముక్క, కార్జం ముక్క కాల్చుకుని, బూడిద ఊదుకుని తినేవాళ్ళం. నేను తిన్న మొదటి గ్రిల్ అదే.

ఆ పంపకంలో అండర్‌కట్ అనేది లేదు. ఉంది కానీ, దాన్నీ ముక్కలు చేసి అన్ని పోగుల్లో వేసేవాళ్ళు. రాజనీతి తత్వశాస్త్రం చదివేవాళ్ళు ఇక్కడున్నారు. తన వంతు ఏదో తెలియకుండా నియమం పెట్టడమే న్యాయానికి పునాది అని జాన్ రాల్స్ 1971లో రాసిన పుస్తకంలో వాదించాడని మీ క్లాసులో చెబుతారు. మా తాతకు ఆ పేరు తెలియదు. పోగు పెట్టడం తెలుసు.

అయితే పోగును పూజించమని నేను అనడం లేదు. అదే ఊళ్ళో ఇంకో మాంసం కూడా ఉండేది. ఊరివాళ్ళ పశువు చస్తే మోసుకెళ్ళడం, చర్మం తీయడం మా వాళ్ళ మీద రుద్దిన వెట్టి. ఆ చచ్చిన పశువు మాంసమే కూలి. 1927 మార్చిలో మహాడ్ సభలో బాబాసాహెబ్ చెప్పిన మాటల్లో ముఖ్యమైంది, చచ్చిన పశువుల మాంసం తినడం మానేయండి, పారేసిన ఎంగిలి మెతుకుల కోసం చేయి చాచడం మానేయండి అని. 1948లో వచ్చిన అంటరానివారి పుట్టుక పుస్తకంలో ఆయన అంటరానితనం మూలాన్నే గొడ్డు మాంసంతో ముడిపెట్టి పరిశీలించాడు. బౌద్ధంతో పోటీలో బ్రాహ్మణులు గోమాంసం మానేశారని, ఊరి అంచున బతుకుతూ చచ్చిన ఆవు మాంసం తినక తప్పని ఛిన్నాభిన్న జనాన్ని అదే కారణంగా అంటరానివారిని చేశారని ఆయన సిద్ధాంతం.

అందుకే మన ఉద్యమంలో ఈ విషయం మీద రెండు గొంతులున్నాయి. ఒకటి, మా తిండి మా హక్కు అనే గొంతు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పెద్దకూర పండుగ జరిపినప్పుడు విన్నది అదే. దాని మీద దాడులూ జరిగాయి. రెండోది, మా నాన్న గొంతు. "చచ్చిన గొడ్డు తిని బతికాం, నువ్వు మళ్ళీ దాన్ని పండుగ చేస్తావా?" అని ఆయన ఒకసారి అడిగాడు. 2016లో ఊనాలో చచ్చిన ఆవు చర్మం తీస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టిన తర్వాత, గుజరాత్‌లో దళితులు కళేబరాలను తెచ్చి ప్రభుత్వ కార్యాలయాల ముందు పడేశారు. అది మా నాన్న గొంతే. బౌద్ధం స్వీకరించి మాంసమే మానేసినవాళ్ళూ మనలో ఉన్నారు. ఎవరినీ తక్కువ చేయకండి.

ఈ రెండు గొంతులకు నడుమ గీత ఎక్కడ? నాకు తోచింది చెబుతాను. తేడా మాంసం ముక్కలో లేదు, అది చేతికి వచ్చిన దారిలో ఉంది. అదే కార్జం, అదే సీనా. విసిరేస్తే ఎంగిలి. మన డబ్బుతో కొని, మన పక్కవాడితో సమానంగా పంచుకుంటే పోగు. బాబాసాహెబ్ వద్దన్నది విసిరేసిన దాన్ని. కొనుక్కుని పంచుకునే దాన్ని కాదు.

మనం ఒంటరివాళ్ళం కూడా కాదు. అమెరికా, మెక్సికో సరిహద్దులో రియో గ్రాండే లోయలో పశువుల కాపర్లుగా పనిచేసిన మెక్సికన్లకు జీతంలో భాగంగా తల, పేగులు, తోలు, ఛాతీకి పొట్టకి మధ్య తెరలా ఉండే గట్టి కండ ఇచ్చేవాళ్ళు. పొడుగ్గా నడికట్టులా ఉండే ఆ కండను వాళ్ళు నిప్పుల మీద కాల్చి, అడ్డంగా కోసి, రొట్టెలో చుట్టుకుని తిన్నారు. దాని పేరే ఫహీతా. 1969లో టెక్సస్‌లో మొదటిసారి అంగట్లో అమ్మారు. 1980లలో అది రెస్టారెంట్లకు ఎక్కాక ఆ కండ ధర ఎంత పెరిగిందంటే, దాన్ని కనిపెట్టిన ఇళ్ళకే భారమైంది. పెరూలో బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు యజమానులు వదిలేసిన పశువు గుండెను సీకులకు గుచ్చి కాల్చారు. ఆంటికూచో పేరుతో అది ఇవాళ ఆ దేశపు జాతీయ గర్వం. లండన్‌లో 1994లో మొదలైన ఒక రెస్టారెంట్ మూలుగ ఎముకలు, తోకలు వడ్డించి పేరు తెచ్చుకుంది. దాని వంటగాడు 1999లో రాసిన పుస్తకం తర్వాత ముక్కు నుంచి తోక దాకా తినడం ఒక తాత్వికత అయింది. మా అమ్మ చేసింది అదే. ఆమెకు పుస్తకం లేదు, చుట్టుపక్కల ముక్కు మూసుకున్నవాళ్ళు మాత్రం ఉన్నారు.

కాబట్టి జాగ్రత్త. మన బోటి, తునకలు, నల్ల కూడా రేపు పెద్ద ప్లేటులో చిన్న ముక్కగా కనిపిస్తాయి. అప్పుడు వాటిని వండిన చేతుల పేరు ఆ మెనూలో ఉండాలి. షాహూ పాటోళే మరాఠ్వాడా దళితుల వంటల మీద 2015లో మరాఠీలో పుస్తకం రాశారు. 2024లో అది ఇంగ్లిష్‌లో వచ్చింది. 2009లో పుణె విశ్వవిద్యాలయంలో శర్మిలా రేగే, ఆమె విద్యార్థులు దళిత స్త్రీల వంట జ్ఞాపకాలను సేకరించారు. తెలుగులో ఆ పని చేయాల్సింది మీరు. మీ అమ్మమ్మ తునకలు ఎన్ని రోజులు ఎండబెట్టింది, ఏ కండ కోసింది, ఎంత ఉప్పు వేసింది అని రాసుకోండి. ఒక సిద్ధాంత వ్యాసానికి అంతకన్నా మంచి విషయం నాకు తెలియదు.

చట్టం గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. 1958లో ఖురేషీ కేసులో సుప్రీంకోర్టు ఆవుల వధ నిషేధాన్ని సమర్థించింది. కానీ గొడ్డు మాంసం, బర్రె మాంసం పేదల ఆహారమని గుర్తించి, పనికిరాని ఎద్దులు, బర్రెల వధను పూర్తిగా నిషేధించడం చెల్లదంది. 2005లో ఏడుగురు జడ్జీల ధర్మాసనం గుజరాత్ కేసులో ఆ వైఖరిని మార్చి, ఎద్దుల వధ మీద పూర్తి నిషేధాన్ని సమర్థించింది. 2015లో మహారాష్ట్ర ఎద్దులనూ నిషేధంలో చేర్చింది. ఇదే దేశం ఎముక తీసేసిన బర్రె మాంసాన్ని విదేశాలకు ఎగుమతి చేయడంలో ప్రపంచంలో ముందు వరుసలో ఉంది. వేరే దేశం ప్లేటులో అది సరుకు, మన ప్లేటులో అది నేరం. చవక మాంసం ప్రశ్న వంటగదిలో ఆగిపోదు అని చెప్పడానికే ఇదంతా. దుకాణాలు తగ్గి, రవాణా ప్రాణాల మీదికి వచ్చినప్పుడు ముందుగా మాయమయ్యేది పెద్ద హోటల్ స్టేక్ కాదు, బస్తీలో కిలో సీనా.

ఇక ఫోన్లో ఆ మాట అన్న అమ్మాయికి. చెల్లీ, దర్జా కోరుకోవడం తప్పు కాదు. బాబాసాహెబ్ మంచి సూటు వేసుకున్నాడు, మంచి ఇల్లు కట్టుకున్నాడు, అందులో మంచి గ్రంథాలయం పెట్టుకున్నాడు. పేదరికంలో పవిత్రత ఉందని ఆయన ఎప్పుడూ అనలేదు. నీకు డబ్బు వచ్చిన రోజు అండర్‌కట్ కొనుక్కుని తిను, హాయిగా తిను. కానీ అది తింటేనే మనిషినయ్యానని అనుకోకు. పై ముక్క, కింది ముక్క అనే లెక్కను శ్రేణీకృత అసమానత అని పేరు పెట్టి మనకు చూపించినవాడి జయంతి అది. ఆ రోజున ఒక ముక్కను నెత్తిన పెట్టుకుని మిగతా ఒళ్ళంతటినీ ఉప ఉత్పత్తి అనడం మనకు తగదు.

నా సలహా ఇది. ఆ రోజు స్టేక్ పెట్టండి. దస్తీ పలక, రాన్ సీకు, ఉడికించి కాల్చిన సీనా, గుండె, కార్జం అన్నీ కాల్చండి. కానీ ప్లేట్లు వేసేటప్పుడు ప్రతి ప్లేటులో అన్నీ కొంచెం కొంచెం పడాలి. వైస్ చాన్సలర్ వచ్చినా, మెస్‌లో గిన్నెలు కడిగే అక్క వచ్చినా అదే ప్లేటు. మాంసం తిననివాళ్ళకు కందగడ్డ, మొక్కజొన్న కంకి, వంకాయ అదే నిప్పుల మీద వేరే జాలీ పెట్టి కాల్చండి. ఎవరూ ఖాళీ చేతులతో పోకూడదు. చివర్లో ఒకరు అటు తిరిగి నిలబడి పేర్లు పిలవండి.

నేను వస్తాను. మా నాన్నను కూడా తీసుకొస్తాను. ఆయన తింటాడో లేదో తెలియదు. కానీ పోగులు సమానంగా పడ్డాయో లేదో చూడటానికి ఆయన్ని మించినవాళ్ళు లేరు.

జై భీమ్.